పరుగువీరుడు డొరాండో పియెత్రి

గెలిచినవాని పేరు లోకమున నిలుచుట సహజము. ఓడినవాని పేరు నిలుచుట అరుదు. 1908వ సంవత్సరమున లండను నగరమునందు జరిగిన ఒలింపిక్ క్రీడలలో మారథాను పరుగున బంగారు పతకము నందుకొన్నవాడు అమెరికా దేశస్థుడగు జానీ హేస్. అతని పేరెరిగినవారు నేడు కొలదిమంది. ఆనాడు అందరికంటె ముందుగా గమ్యము చేరియు పతకమును పోగొట్టుకొన్న ఇటలీ దేశపు మిఠాయి పనివాడు డొరాండో పియెత్రి పేరు మాత్రము నూరేండ్లు దాటినను మాసిపోలేదు. గమ్యము కన్నుల యెదుట నుండగా అతడేల కూలిపోయెను? ధైర్యము చాలక యనుటకు వీలులేదు. పడిన ప్రతిసారియు లేచినవాని ధైర్యమును శంకింపరాదు. ఆ ప్రశ్నకు ఉత్తరమును అతని దేహమునందలి నిల్వలలోనే వెదకవలసియున్నది. అందుచేత అతని చరిత్ర యొక మనుష్యుని కథయే గాక, మానవశరీరమను గృహస్థుని జమాఖర్చుల కథయు నగుచున్నది.

డొరాండో 1885వ సంవత్సరము అక్టోబరు 16వ తేదీన ఉత్తర ఇటలీలో, కొర్రెజియో పట్టణమునకు చేరువనున్న మాండ్రియో అను పల్లెయందు జన్మించెను. తండ్రి పేరు దెసిదేరియో, తల్లి పేరు తెరేజా. వారిది కలిగిన కుటుంబము కాదు. 1897వ సంవత్సరమున వారు బ్రతుకుతెరువునకై కార్పి అను పట్టణమునకు తరలివచ్చిరి. బాలుడు చదువునందు ఎక్కువ కాలము గడపుటకు ఇంటి పరిస్థితులు అనుకూలింపలేదు. అతడొక మిఠాయి అంగడిలో పనికి కుదిరెను. పిండి పిసుకుట, చక్కెర పాకము పట్టుట, సిద్ధమైన సరకును ఇండ్లకు చేర్చుట మొదలగు పనులు గల వృత్తి యది. ఒకనాడు తన బ్రతుకును నిలుపునదియు కూల్చునదియు ఆ చక్కెరయే యగునని అతడు కలనైన తలపలేదు.

1904వ సంవత్సరము సెప్టెంబరు మాసమున పెరికిలే పల్యానీ అను ప్రసిద్ధుడైన పరుగుకాడు కార్పి పట్టణమునకు వచ్చి పందెమున పాల్గొనెను. చూడవచ్చిన జనములో నున్న డొరాండో, ఒంటిపైని పనిబట్టలతోనే అతని వెంట పరుగు లంకించుకొని, కడవరకు అతనిని విడువక పోయెనని చెప్పుదురు. కొలది దినములకే బొలోన్యా నగరమున జరిగిన 3000 మీటర్ల పందెములో అతడు రెండవవాడుగా వచ్చెను. అప్పటికి వయస్సు పందొమ్మిదేండ్లు నిండలేదు. మరుసటి యేట పారిస్ నగరమున 30 కిలోమీటర్ల పరుగునందు వెనుకవానికంటె ఆరు నిమిషములు ముందుగా చేరి గెలిచెను. పిండి గిన్నెల నడుమ పెరిగిన కుఱ్ఱవాని పేరు పత్రికల కెక్కెను.

ఇతని ఆకారమును చూచినవా రెవ్వరును వీరుడని తలంపరు. ఎత్తు 159 సెంటీమీటర్లు, బరువు 60 కిలోల ప్రాంతము. వృకోదరుడైన భీమసేనుని వంటివారికే బలము చెల్లునని తలచు లోకమునకు ఇది వింతగా తోచును. కాని దూరపు పరుగున లెక్క వేరు. సమతలమున పరుగెత్తు మనుష్యుడు తన బరువునందలి ప్రతి కిలోకు ప్రతి కిలోమీటరునకు రమారమి ఒక్క కేలరీ శక్తిని వెచ్చించును. కావున అవసరమునకు మించిన ఒక్కొక్క కిలో కొవ్వు, మారథాను దూరము ముగియునప్పటికి 42 కేలరీల అదనపు సుంకమును వసూలు చేయును. కండరము బరువైనను పనిచేయు బరువు. మితిమీరిన కొవ్వు మోయవలసిన బరువు మాత్రమే. మఱియు వెచ్చించిన శక్తిలో నాలుగవ పాలు గాని అంతకు తక్కువ గాని చలనమగును, మిగిలినదంతయు వేడియగును. చిన్న చెంబులోని వేడినీరు పెద్ద బానలోని నీటికంటె త్వరగా చల్లారునట్లు, చిన్న దేహము తన వేడిని త్వరగా వెలిగ్రక్కును. డొరాండో దేహమును ప్రకృతి దూరపు పరుగునకే కొలత పెట్టి మలచినట్లుండెను.

1906వ సంవత్సరమున ఏథెన్సు నగరమున జరిగిన క్రీడలకు అతడు వెళ్లెను. మారథాను పరుగున 24 కిలోమీటర్ల వద్ద అతడు రెండవవానికంటె ఐదు నిమిషములు ముందుండెను. అంతలో కడుపునొప్పి పుట్టి పరుగు మానుకొనవలసి వచ్చెను. కాళ్లు సిద్ధముగా నున్నను కడుపు ఒప్పుకొననిచో పరుగు సాగదను పాఠము అతనికి తొలిసారి అక్కడ అబ్బెను. 1907వ సంవత్సరమున అతడు తన దేశమున 5000 మీటర్ల పరుగునందును, 20 కిలోమీటర్ల పరుగునందును విజేత యయ్యెను.

ఆ కాలపు పరుగుకాండ్ర ఆహారనియమములను గూర్చి కొంత చెప్పుట అవసరము. కండరము మాంసమయము గనుక, పనిచేయునప్పుడు కండరమే తరుగుననియు, దానిని పూరించుటకు మాంసమే తినవలెననియు నాటి శిక్షకులు నమ్మిరి. జర్మనీ దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు లీబిగ్ 1842వ సంవత్సరమున ప్రకటించిన సిద్ధాంతము ఈ నమ్మకమునకు ఊత. కాని 1865వ సంవత్సరముననే ఫిక్, విస్లిసేనస్ అను పండితులిరువురు మాంసకృత్తులు లేని యాహారము తిని స్విట్జర్లాండులోని ఫౌల్‌హార్న్ పర్వతము నెక్కి, తమ మూత్రమునందలి నత్రజనిని కొలిచి, ఆ యెక్కుటకు కావలసిన శక్తి మాంసకృత్తులనుండి వచ్చినది కాదని ఋజువు చేసిరి. అంతకుముందే 1857వ సంవత్సరమున ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్లాడ్ బెర్నార్డ్ కాలేయమునందు గ్లైకోజెను అను పిండిపదార్థము నిల్వయుండుననియు, అదియే చక్కెరగా మారి రక్తములో కలియుననియు కనుగొని యుండెను. ఈ సత్యములు గ్రంథములలో నుండెను. పరుగు బాటకు మాత్రము రాలేదు.

1908వ సంవత్సరము జూలై 7వ తేదీన డొరాండో తన కార్పి పట్టణముననే 40 కిలోమీటర్ల దూరమును 2 గంటల 38 నిమిషములలో పరుగెత్తి ఇటలీ నంతటిని ఆశ్చర్యపరచెను. లండనుకు పోవు యోగ్యత లభించెను. ఇచ్చట రెండు విషయములు గమనింపదగినవి. లండను పందెమునకు అప్పటికి మిగిలియున్నవి 17 దినములే. అంతటి పరుగున నలిగిన కండరములు కోలుకొనుటకు అది చాలీచాలని గడువు. రెండవది, అంతవరకు మారథాను అనగా 40 కిలోమీటర్ల పరిసరముననే యుండెడిది. లండనులో మాత్రము విండ్సర్ రాజభవనమునొద్ద మొదలుపెట్టి, క్రీడారంగము వరకు 26 మైళ్లు, అందు ప్రవేశించి రాజకుటుంబపు ఆసనముల ముందు నిలుచువరకు మఱి 385 గజములు, అనగా మొత్తము 42 కిలోమీటర్ల 195 మీటర్ల దూరము నిర్ణయింపబడెను. ఆ లెక్కయే 1921వ సంవత్సరమున లోకమంతటికిని ప్రమాణమైనది. డొరాండో తన దేహమును సరిచూచుకొన్నది నలుబది కిలోమీటర్లకు. లండను అతనిని అడిగినది నలుబదిరెండు.

జూలై 24వ తేదీ మధ్యాహ్నము 2 గంటల 33 నిమిషములకు పరుగు ప్రారంభమయ్యెను. లండనుకు అరుదైన యెండ, ఉక్కపోత. ఏబదిమందికి పైగా బయలుదేరిరి. ఇంగ్లీషు పరుగుకాండ్రు స్వదేశమున పందెమను ఉత్సాహముచే ఆదినే మిక్కిలి వేగముగా పోయి, సగము దూరమునకే అలసిరి. పిమ్మట దక్షిణాఫ్రికాకు చెందిన చార్లెస్ హెఫెరన్ ముందంజ వేసెను. డొరాండో మొదటి సగమున తొందరపడలేదు. కాని 32 కిలోమీటర్ల వద్ద, హెఫెరన్ తనకు నాలుగు నిమిషములు ముందున్నాడని తెలిసి, వేగమును ఒక్కసారిగా పెంచెను. 39వ కిలోమీటరు వద్ద అతనిని దాటెను. వెనుక హేస్ అను అమెరికా యువకుడు, ఆదినుండి నిదానముగా పరుగెత్తి తన శక్తిని దాచుకొన్నవాడు, ఒక్కొక్కరినే దాటుచు వచ్చుచుండెను.

క్రీడారంగమున డెబ్బది వేలమంది ప్రాంతము ప్రేక్షకులు వేచియుండిరి. డొరాండో లోనికి అడుగిడెను. మిగిలినవి 385 గజములు. అతడు కుడియెడమలు మఱచినవానివలె తప్పుదారి పట్టెను. అధికారులు సరియైన దారి చూపగా రెండడుగులు వేసి కూలెను. లేపిరి. మఱల పడెను. ఇట్లు ఐదు పర్యాయములు పడి లేచి, కన్నులు తెరచియు చూపులేనివానివలె, నూలు తెగిన తోలుబొమ్మవలె తూలుచు నడచెను. పందెపు నిర్వాహకుడు జాక్ ఆండ్రూ, వైద్యుడు మైకేల్ బల్జర్ ప్రక్కన నిలిచి యాదుకొనిరి. ఆ మిగిలిన 350 మీటర్లకు పది నిమిషములు పట్టెను. మొత్తము 2 గంటల 54 నిమిషముల 46 సెకండ్లకు అతడు గమ్యము దాటెను. హేస్ ముప్పదిరెండు సెకండ్ల వెనుక, 2 గంటల 55 నిమిషముల 18 సెకండ్లకు, ఎవ్వరి చేయూతయు లేకుండ చేరెను.

అమెరికావారు అభ్యంతరము తెలిపిరి. పరసహాయముతో గమ్యము చేరుట నియమవిరుద్ధము గనుక డొరాండో విజయము రద్దుచేయబడి, బంగారు పతకము హేసునకు, వెండి పతకము హెఫెరనునకు దక్కెను. ఈ తీర్పు కఠినమైనను న్యాయమే. హేస్ తన దూరమును తన కాళ్లమీదనే పూర్తిచేసెను. డొరాండోను మంచముపై మోసికొనిపోయిరి. కొన్ని గంటలు అతని ప్రాణమునకే అపాయమని జనులు తలచిరి. మరునాటికి తేరుకొని అతడు తిరిగి క్రీడారంగమునకు రాగా, అలెగ్జాండ్రా రాణి బంగారు పూతగల వెండి పాత్ర నొకదానిని స్వయముగా బహూకరించెను. షెర్లాక్ హోమ్స్ కథల కర్తయగు కోనన్ డాయిల్ ఆనాడు పత్రికకై ఆ పందెమును చూచుచుండెను. డొరాండోను లేపి నడిపించినది ఆయనయే యను మాట లోకమున వ్యాపించినది గాని అది సత్యము కాదు. ఆయన చేసినది వేరొక యుపకారము. ఆ మిఠాయి పనివాడు స్వగ్రామమున సొంత రొట్టెల అంగడి పెట్టుకొనుటకు ఆయన పూనికతో 300 పౌనుల చందా సమకూడెను.

ఇక డొరాండో దేహపు జమాఖర్చులను పరిశీలింతము. బరువు 60 కిలోలు, దూరము 42 కిలోమీటర్లు. ఖర్చు రమారమి 2500 కేలరీలు. జమ వైపున మొదటి పద్దు కండరములందలి గ్లైకోజెను. బాగుగా తిని విశ్రమించిన మనుష్యునిలో ఇది 300 మొదలు 400 గ్రాముల వరకు నుండును. రెండవ పద్దు కాలేయములోనిది, 80 మొదలు 100 గ్రాములు. గ్రామునకు 4 కేలరీల చొప్పున ఈ రెండును కలిసి 1500 మొదలు 2000 కేలరీలు మాత్రమే. మూడవ పద్దు కొవ్వు. అతని దేహమున కొవ్వు నూటికి ఎనిమిది పాళ్లే యని లెక్కవేసినను దాదాపు 5 కిలోలగును. గ్రామునకు 9 కేలరీల చొప్పున అది నలుబది వేలకు పైబడిన కేలరీలు. అనగా పదునేడు మారథానులకు చాలినంత ధనము ఆ సన్నని దేహమున దాగియుండెను. అట్టి ధనికుడు గమ్యము ముందు దివాలా తీయుట యెట్లు సంభవించెను?

పంట పండించు గృహస్థుని యింట బియ్యపు కుండ వేరు, పాతర వేరు. కుండలోని బియ్యము చేయి చాచిన దొరకును. పాతరలోని ధాన్యము మిక్కుటమే గాని దానిని త్రవ్వి, తోడి, దంచి, చెరిగిన గాని అన్నము కాదు. దేహమున గ్లైకోజెను కుండ, కొవ్వు పాతర. కొవ్వు నెమ్మదిగా కరిగి రక్తమున కలిసి కండరమును చేరవలెను. అంతేకాక ఒకే పరిమాణము గల ప్రాణవాయువుతో కొవ్వు ఇచ్చు శక్తి, పిండిపదార్థము లిచ్చు శక్తికంటె కొంచెము తక్కువ. నెమ్మదిగా పోవువానికి పాతరయే చాలవరకు భోజనము పెట్టును. వేగము పెంచిన కొలది ప్రాణవాయువు కొరతపడి, దేహము కుండమీదనే ఆధారపడును. డొరాండో 32వ కిలోమీటరునుండి వేగము పెంచెను. కుండలో అడుగు కనబడు సమయమున, కొలచి వండవలసిన ఘడియలో, విందు చేసెను.

మఱియొక సూక్ష్మము కలదు. కండరమునందలి నిల్వ ఆ కండరమునకే చెల్లును, అది తిరిగి రక్తమునకు చక్కెరగా రాదు. మెదడునకు కావలసిన చక్కెరను రక్తమున నింపునది కాలేయమే. విశ్రాంతిగా నున్నప్పుడు దేహమునకు కావలసిన శక్తిలో ఐదవ వంతు వరకు మెదడే కైకొనును, దానికి నిత్యాహారము చక్కెరయే. కాలేయపు నిల్వ ఆరినచో కాళ్లు బరువెక్కుటయే గాక బుద్ధి మసకబారును. దారి తప్పుట, మాట వినబడకుండుట, నిలువలేక పడుట దాని లక్షణములు. ఇవి యెండదెబ్బకును, చెమటచే నీరు తరిగినవానికిని గూడ కలుగు లక్షణములే. ఆనాటి యెండయందు రెండు దోషములును ఒకదానికొకటి తోడైయుండును. పరుగున నీరు త్రాగుట బలహీనత యని పలువురు భావించు కాలమది. పరుగెత్తి పాలు త్రాగుటకంటె నిలబడి నీళ్లు త్రాగుట మేలను తెలుగు సామెత ఆ బాటపై అక్షరాల సత్యమైనది.

ఆ పందెమున నిర్వాహకులు దారిపొడవున మాంసరసము, పాలతో వండిన అన్నము, ఎండుద్రాక్ష, అరటిపండ్లు, సోడా, పాలు సిద్ధపరచి యుండిరి. అరటియు, ద్రాక్షయు, పాయసాన్నమును అలసిన దేహమునకు అమృతప్రాయములు. సముద్రమును దాటు హనుమంతునికి మైనాకుడు ఆతిథ్య మొసగినట్లు ఆహారము దారిలోనే నిలిచియుండెను. కాని మైనాకుని విడిచిపోయి గమ్యము చేరుట హనుమంతునికే చెల్లును. సామాన్య మానవులకు దాని విలువ తెలియక, నిస్త్రాణము కలిగినప్పుడు బ్రాందిని, కుచ్చెలగింజలనుండి తీసిన స్ట్రిక్నిను అను విషమును ఆశ్రయించుట ఆ కాలపు ఆచారము. 1904వ సంవత్సరమున సెయింట్ లూయీ ఒలింపిక్ మారథానున గెలిచిన థామస్ హిక్సునకు ఈ రెండును దారిలో ఇచ్చియుండిరి. డొరాండోకును అట్టిది ఇచ్చిరను ప్రవాదము కలదు. కొరడా దెబ్బ ఎద్దును అదలించును గాని దానికి మేత కాజాలదు.

లండను ఓటమి డొరాండోకు అపారమైన కీర్తిని తెచ్చెను. అమెరికావారు ధనమిచ్చి పిలిచిరి. 1908వ సంవత్సరము నవంబరు 25వ తేదీన న్యూయార్కు నగరమందలి మాడిసన్ స్క్వేర్ గార్డెన్ అను కప్పుగల మందిరమున, హేసునకును డొరాండోకును తిరిగి పందెము జరిగెను. పొగాకు పొగ నిండిన ఆ మందిరమున రెండు వందలకు పైగా చుట్లు తిరిగి, కడపటి చుట్లలో డొరాండో హేసును దాటి గెలిచెను. కాని డిసెంబరు 15వ తేదీన అదే మందిరమున కెనడా దేశపు ఆదిమజాతికి చెందిన టామ్ లాంగ్‌బోట్ అను మహావేగితో పరుగెత్తి, గమ్యము చేరకమునుపే మఱల కూలిపోయెను. 1909వ సంవత్సరము జనవరి 2వ తేదీన బఫెలో పట్టణమున అతనితోనే తలపడి, 19 మైళ్ల వద్ద విరమించెను. నలుబది దినములలోపల మూడు మారథానులు. తరిగిన గ్లైకోజెనును తిరిగి నింపుటకు మంచి యాహారముతో ఒకటి రెండు దినములు చాలును గాని, చిట్లిన కండరపోగులు అతుకుకొనుటకు వారములు పట్టును. నలిగిన కండరము నిల్వను గూడ సరిగా పట్టుకొనలేదు. ధనము వెంట ధనము వచ్చుచున్నను, దేహపు ఖాతాలో అప్పు వెంట అప్పు పెరుగుచుండెను.

1909వ సంవత్సరము మార్చి 15వ తేదీన అతడు హేసును మఱల ఓడించెను. అమెరికా పర్యటనలో పాల్గొన్న 22 పందెములలో 17 గెలిచెను. ఈ దెబ్బలన్నియు అతనికి గురువులైనవి. 1910వ సంవత్సరము మే 24వ తేదీన దక్షిణ అమెరికాలోని బ్యూనస్ అయిరిస్ నగరమున, అచ్చట చలికాలము సమీపించు వేళ, అతడు తన జీవితమున కడపటి మారథానును పరుగెత్తి 2 గంటల 38 నిమిషముల 48 సెకండ్లలో ముగించెను. లండనులో కంటె పదునారు నిమిషములు తక్కువ. కార్పిలో 40 కిలోమీటర్లకు పట్టిన కాలముననే ఇక్కడ దాదాపు 42 కిలోమీటర్లు పూర్తియైనవి. అదే కాళ్లు, అదే దేహము. చల్లని గాలియు, అనుభవము నేర్పిన నిదానమును తోడైనప్పుడు ఆ చిన్న దేహము ఎంత చేయగలదో లోకమునకు ఆనాడు తెలిసెను. లండనులో అతనికి లోపించినది బలము కాదని దీనివలన స్పష్టము.

1911వ సంవత్సరమున, ఇరువదియారేండ్ల ప్రాయమున, డొరాండో పరుగు చాలించెను. మూడేండ్లలో అతడు పందెములవలన గడించినది రెండు లక్షల లీరాలు. ఆ కాలమున అది గొప్ప ధనము. తెరేజా దోండీ అను ఆమెను 1909వ సంవత్సరమున వివాహమాడి యుండెను. సోదరునితో కలిసి ఆ ధనమును హోటలు వ్యాపారమున పెట్టెను. కాలిబాటపై నేర్చిన పొదుపు కాగితపు లెక్కలలో పనికిరాలేదు. హోటలు దివాలా తీసెను. పిమ్మట అతడు సముద్రతీరమునందలి సాన్‌రేమో పట్టణమునకు పోయి మోటారుకార్ల గరాజు నడుపుకొనుచు శేషజీవితమును సామాన్యుడుగా గడపెను. కూర్చుండి తినిన కొండలైనను తరుగునందురు. అతడు మాత్రము కూర్చుండలేదు, ఒక నిల్వ తరిగిన పిదప మఱియొక పనిలో చేయిపెట్టెను. 1942వ సంవత్సరము ఫిబ్రవరి 7వ తేదీన, 56 యేండ్ల వయస్సున, గుండెపోటుచే అతడు మరణించెను.

అతడు జీవించియుండగనే శాస్త్రము అతని ప్రశ్నకు ఉత్తరము చెప్పనారంభించెను. 1924వ సంవత్సరమున అమెరికాలోని బోస్టను మారథాను ముగిసిన వెంటనే వైద్యులు పరుగుకాండ్ర రక్తమును పరీక్షింపగా, మిక్కిలి నిస్త్రాణులై మతి చెదరినవారిలో చక్కెర బాగుగా తగ్గియుండెను. మరుసటి యేట పరుగునకు ముందును, నడుమను చక్కెర మిఠాయిలు తినిపింపగా వారి స్థితి మెరుగుపడెను. ఇటలీ మిఠాయి పనివాడు తన చేతులతో దినదినము చేసి ఒరులకు పంచినదే ఆ మందు. 1939వ సంవత్సరమున స్కాండినేవియా దేశపు శాస్త్రజ్ఞులు క్రిస్టెన్‌సెన్, హాన్సెన్ అనువారు, కొవ్వు మిక్కుటమైన ఆహారము తినినవారికంటె పిండిపదార్థములు మిక్కుటముగా తినినవారు రెండింతలకు మించిన కాలము శ్రమింపగలుగుదురని చూపిరి. 1960వ దశకమున స్వీడను దేశపు బెర్గ్‌స్ట్రోమ్, హల్ట్‌మన్ అనువారు సూదితో కండరపు తునకను తీసి పరీక్షించి, గ్లైకోజెను తరిగినప్పుడే అలసట నిలువరింపరానిదగుననియు, శ్రమచే ఖాళీచేసి పిమ్మట పిండివంటలు తినినచో ఆ నిల్వ మునుపటికంటె అధికముగా నిండుననియు కనుగొనిరి. ఇప్పటి పరుగుకాండ్రు పందెమునకు ముందు దినములలో అన్నమును, రొట్టెను ఎక్కువగా భుజించుటయు, దారిలో చక్కెర పానీయములు పుచ్చుకొనుటయు, ఆదినుండి సమవేగమును పాటించుటయు ఈ పరిశోధనల ఫలమే.

ఇందలి నీతి పరుగుకాండ్రకే పరిమితము కాదు. దేహము సన్నగా నుండవలెనని దానిని మాడ్చువాడును, బలిసిన దేహమే బలమని పెంచువాడును సమానముగా పొరపడుచున్నారు. మోయవలసిన బరువు తక్కువగను, వాడుకొనదగిన నిల్వ నిండుగను, ఖర్చు సమముగను ఉండుటయే దేహధర్మము. వరినాట్లు వేయువారికి, బండి తోలువారికి, బడికి క్రోసుల కొలది నడచు పిల్లలకు గూడ ఈ లెక్క ఒక్కటే. ఉదయమున కడుపున ఇంత గంజియైన లేక పనికి పోవువానికి మధ్యాహ్నమున కన్నులు తిరుగుట దేహపు ఖాతా చూపు లోటేగాని సోమరితనము కాదు. అది యెరుగనివారు వానిని నిందింతురు, ఎరిగినవారు వానికి అన్నము పెట్టుదురు.

క్లాడ్ బెర్నార్డ్ కనుగొన్న సత్యము 1857వ సంవత్సరమున గ్రంథస్థమైనది. డొరాండో లండను క్రీడారంగమున కూలినది 1908వ సంవత్సరమున. ఆ గ్రంథమునకును ఆ మిఠాయి అంగడికిని నడుమనున్న దూరము ఏబదియొక్క సంవత్సరములు. ఆ దూరమును నడచి, పండితుని బల్లమీది మాటను పనివాని చెవిని వేయు గ్రంథాలయ మొకటి కార్పి పట్టణమున నుండి, ఆ బాలుడు సాయంకాలమున అందు కూర్చుండి చదివియుండినచో, జూలై 24వ తేదీన ఆ కడపటి 385 గజములు వేరొక విధముగా ముగిసియుండెడివేమో. జ్ఞానము బీరువాలో నున్నంత కాలము అది పాతరలోని ధాన్యమే. దానిని త్రవ్వి, దంచి, అన్నముగా చేసి ప్రతి యింటికిని పంచు పని పల్లెలందలి పఠనాలయములది. పతకము లేకయే చిరస్మరణీయుడైన ఆ చిన్నవాని కథ వారి పనికి బలము చేకూర్చుగాక.